తుఫాను కబురు అందరికీ అందాలంటే ఏది మేలు: మైకా, పోస్టరా, మెసేజా, మనిషా?

కావలి ట్రంకు రోడ్డు పక్క సందులో ఇరవై రెండేళ్ళుగా డీటీపీ షాపు నడుపుతున్నాను. పెళ్ళి పత్రికలు, వర్ధంతి ఫ్లెక్సీలు, ప్రోగ్రెస్ కార్డులు, మధ్యమధ్యలో ఆఫీసుల నోటీసులు. అక్టోబరు దాటి గాలి తూర్పుకి తిరిగిందంటే చాలు, ‘అర్జెంటుగా తుఫాను పోస్టరు ఒకటి కొట్టియ్యన్నా, గ్రూపుల్లో పెట్టాలి’ అని ఎవరో ఒకరు మెట్లెక్కుతారు. కొట్టిస్తాను. ఎర్ర రంగు మీద పసుపు అక్షరాలు, మూలన సుడి తిరిగే మేఘం, కింద వరసగా ఫోన్ నంబర్లు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకి కూడా అట్టాంటిదే చేశాను. అది బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, అంతకు ముందు రెండు రోజులు మా నెల్లూరు జిల్లాని నానబెట్టి వదిలింది. ఆ వానలో మా బావ ఫోన్ చేశాడు. మేనత్త కొడుకు, తుమ్మలపెంట దారిలో ఉంటాడు. చిన్నప్పుడే చూపు పోయింది. ఫోను మాత్రం నాకంటే వేగంగా వాడతాడు. తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకున్నాడు.

“ఏరా, పొద్దున్నించి గ్రూపులో ముగ్గురు ఏందో పెట్టారు. మూడింటికీ ఫోను ‘ఫోటో’ అని చెప్పి ఊరుకుంటా ఉంది. ఏముందిరా దాంట్లో?”

తీసి చూస్తే మూడూ నా పోస్టరే. చదివి వినిపించాను. ఎక్కడికి పోవాలి, ఎన్ని గంటల్లోపు పోవాలి, ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ అందులోనే ఉన్నాయి. ఆయన నవ్వాడు. “నువ్వు కొట్టిందేనా? బాగా కొట్టావులే. ఊరందరికీ తెలిసింది, నాకు తప్ప.”

అప్పటిదాకా పోస్టరు బాగుందా లేదా అన్నది నాకు రంగుల లెక్కే. ఆ ఫోన్ తర్వాత లెక్క మారింది. ఒకే కబురుని ఎన్ని దారుల్లో పంపచ్చు, ఏ దారి ఎవరి గుమ్మం దాకా పోతుంది, ఎక్కడ ఆగిపోతుంది అని గమనించడం మొదలుపెట్టాను. నేను ఆఫీసరుని కాదు, ఎన్జీవోని కాదు. అచ్చు వేసేవాడిని. కాబట్టి ముందు నా సరుకు సంగతే చెబుతాను.

బొమ్మా, అక్షరాలా?

చూపున్న వాళ్ళకి పోస్టరులో ఉన్న తెలుగూ, మెసేజ్‌లో టైపు చేసిన తెలుగూ ఒకటే. ఫోనుకి ఒకటి కాదు. పోస్టరు జేపీజీ ఫోటో అయిపోయిందంటే ఇక అందులో అక్షరాలుండవు, రంగు చుక్కలే ఉంటాయి. టాక్‌బ్యాక్‌కి అక్షరం కావాలి. ఫోటోలో అక్షరాలని గుర్తుపట్టి చదివే యాప్‌లు వచ్చాయి, నిజమే. తెల్ల కాగితం మీద మామూలు అచ్చయితే పర్వాలేదు. మేం పోస్టర్లో అక్షరానికి నీడ పెడతాం, అంచు పెడతాం, విల్లులా వంచుతాం, వెనకాల మేఘం పెడతాం. అది చదివి ఆ యాప్ ఏం చెబుతుందో దేవుడికే తెలియాలి. ఫోన్ నంబరులో ఒక్క అంకె మారినా పడవ కోసం చేసిన ఫోను ఏ బియ్యం కొట్టుకో పోతుంది.

బావ దీన్ని తిండి లెక్కలో చెప్పాడు. “టైపు చేసిన మెసేజ్ అంటే పిండి. ఒకడు దోసె పోసుకుంటాడు, ఒకడు ఇడ్లీ వేసుకుంటాడు. నీ పోస్టరు హోటల్ గోడ మీద కారం దోసె బొమ్మరా. చూసేవాళ్ళకే నోరూరేది.”

నిజంగానే, అక్షరాల్లో పంపిన కబురుని బావ వింటాడు. చూపు మందగించిన మా అమ్మ వేళ్ళతో అక్షరం సైజు పెంచుకుని చదువుకుంటుంది. రొయ్యల గుంటల దగ్గర పనికొచ్చిన ఒడియా కుర్రాడు దాన్నే కాపీ చేసి తన భాషలోకి తిప్పుకుంటాడు. బ్రెయిలీ చుక్కల్ని పైకి లేపి చూపించే చిన్న పరికరాలున్నాయి, వాటికి తగిలిస్తే వేలితో చదవచ్చు. ఒక్క మెసేజ్ ఇన్ని వేషాలు వేస్తుంది. పైసా ఖర్చు లేదు. పోస్టరుకి నేను మూడొందలు తీసుకుంటాను.

అయితే ఇక్కడ మా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. టైపు చేసిన తెలుగంతా ఒక రకం కాదు. మేం చాలామందిమి ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ‘అను’ అనే పేరున్న ఫాంట్లతో కొడతాం. చేయి అలవాటు, అక్షరం అందం. కానీ ఆ ఫాంటు లోపల ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలకి, గుర్తులకి తెలుగు చొక్కా తొడిగినట్టు. దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే చొక్కా ఊడిపోయి పిచ్చి గుర్తులు బయటపడతాయి. పీడీఎఫ్ చేసి పంపినా చదివే సాఫ్ట్‌వేర్‌కి ఆ పిచ్చి గుర్తులే వినపడతాయి. ఫోన్లో మనం కొట్టే తెలుగు యూనికోడ్. అది ఏ ఫోన్లో చూసినా తెలుగే, ఏ గొంతుతో చదివించినా తెలుగే. ‘అను’ నుంచి యూనికోడ్‌కి మార్చే పద్ధతులున్నాయి, వత్తులు ఒకటీ అరా తేడా కొడతాయి, ఒకసారి చూసుకోవాలి. పది నిమిషాల పని.

ఇక సంతకం, స్టాంపు పడ్డాక స్కాన్ చేసి పెట్టే పీడీఎఫ్ ఉంది చూశారూ, అది కాగితానికి ఫోటో. కంప్యూటర్లో పుట్టిన అక్షరాన్ని ప్రింటు తీసి, మళ్ళీ బొమ్మగా మార్చి కంప్యూటర్‌లోకే ఎక్కించడం. ఇన్నేళ్ళుగా ఆ పని నేనూ చేశాను గనక ఒకర్ని అనే హక్కు నాకు లేదు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవల్ని అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పింది. మా సందులో స్కానర్లు మాత్రం అట్టాగే తిరుగుతున్నాయి.

కాబట్టి పోస్టరుకీ అక్షరాలకీ పోటీ పెడితే అక్షరాలకే నా ఓటు. మరి పోస్టరు మానెయ్యాలా? అక్కర్లేదు. పెద్ద బొమ్మ, రంగు చూస్తే గానీ పట్టించుకోని వాళ్ళున్నారు, చదువు రాని వాళ్ళకి ఇల్లు, పడవ, బాణం గుర్తు పనికొస్తాయి. పోస్టరు పంపేటప్పుడు అందులో ఉన్న మాటలన్నీ దాని కింద టైపు చేసి కలిపి పంపితే సరి. ఫోటోకి కింద రాసింది టాక్‌బ్యాక్ చదువుతుంది. ‘తుఫాను హెచ్చరిక, అందరికీ షేర్ చేయండి’ అని మాత్రం రాస్తే రాయనట్టే. ఆ హెచ్చరిక ఏందో రాయాలి.

ఫ్లెక్సీల గురించి ఒక ముక్క. పూర్తిగా చూపు లేని వాళ్ళకంటే మసక చూపు వాళ్ళు మన చుట్టూ ఎక్కువ. వాళ్ళకి కావలసింది లావు అక్షరం, తెలుపు మీద నలుపో, నలుపు మీద పసుపో. ఎరుపు మీద ఆకుపచ్చ రాస్తే రంగులు సరిగా కనపడని వాళ్ళకి ఫ్లెక్సీ మొత్తం ఒకే ముద్ద. కానీ ఫ్లెక్సీలో మూడొంతులు నాయకుల ముఖాలకి పోయాక, మిగిలిన జానెడు జాగాలో అక్షరం లావుగా పెట్టడం ఎవరి తరం? ఆర్డరిచ్చినవాళ్ళతో ఈ మాట అని ఒక గిరాకీ పోగొట్టుకున్నాను కూడా.

మైకు ఆటో

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను నాటికి నాకు పదేళ్ళు. ఊళ్ళో దండోరా వేశారు. డప్పు చప్పుడుకి జనం గుమ్మాల్లోకి వచ్చారు. డప్పు కొట్టే ఆయన నడిచే మనిషి, ఆగేవాడు. ‘ఏంది, ఏంది?’ అని ముసలమ్మ అడిగితే మళ్ళీ చెప్పేవాడు. ఇప్పుడు మైకు ఆటో ఆగదు. పది ఊళ్ళు తిరగాలి పాపం. రేకుల ఇంటి మీద వాన దంచుతుంటే లోపల ఉన్నవాళ్ళకి చేరేది ఇంత: “...పాలెం ప్రజలకు... రేపు సాయంత్రం... కావున అందరూ...” ఆ ‘కావున’ తర్వాతే అసలు సంగతి ఉంటుంది.

అయినా మైకుని తీసిపారేయలేం. కరెంటు లేకపోయినా, టవర్ పడిపోయినా, ఫోను లేకపోయినా, చదువు రాకపోయినా అది చేరుతుంది. మా బావకి మైకే మేలు. ఆటో నెమ్మదిగా పోయి, సందు మొదట్లో ఒక నిమిషం ఆగి, అసలు మాట ముందు చెప్పి, అదే మాట రెండుసార్లు చెబితే చాలు.

మా షాపు పక్కన మిషను కుట్టే అక్కకి పుట్టుకతో వినపడదు. ఆమెకి మైకు ఆటో అంటే రోడ్డు మీద పోయే ఇంకో ఆటో. కూతురి చేత చెప్పించింది ఒకసారి: “ఆటో పోయాక జనం ముఖాలు చూస్తాను. అందరూ ఇళ్ళలోకి పరిగెత్తితే ఏదో అయిందని తెలుస్తుంది. ఏమయిందో మా పాప స్కూలు నుంచి వచ్చాక తెలుస్తుంది.” సాయంత్రం దాకా ఆగాలన్నమాట. తుఫాను ఆగదు.

నెల్లూరు రొట్టెల పండుగకి పోయినవాళ్ళకి ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో లక్షల జనం, కోరికని బట్టి రొట్టెలు ఇచ్చి పుచ్చుకుంటారు. ఏ రొట్టె ఎక్కడ పట్టుకోవాలో బోర్డులుంటాయి, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టె, పెళ్ళి రొట్టె అని. అవి కంటికి. తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో పిలుస్తూనే ఉంటారు. అది చెవికి. వినపడని పిల్ల తప్పిపోతే తన పేరు నూరుసార్లు పిలిచినా ఆ పిల్లకి తెలియదు. చూపు లేని మనిషికి బోర్డు ఏ మూలన ఉందో తెలియదు. ఒకే మైదానంలో ఒక కబురు సగం మందికి, ఇంకో కబురు మిగతా సగానికి. మైకులో చెప్పే పేరునే పెద్ద తెర మీద ఫోటోతో వేసి, బోర్డు మీద ఉన్నదాన్ని అప్పుడప్పుడు మైకులో చెబితే, రెండు సగాలూ కలుస్తాయి.

రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలూ ఇంతే. కృష్ణపట్నంలో ఒకటో నంబరు, మూడో నంబరు అని పేపర్లో చదువుతాం కదా, అవి పగలు స్తంభానికి కట్టే ఆకారాలు, రాత్రి దీపాలు. సముద్రం మీద ఉన్నవాడికి చూపే ఆధారం గనక అక్కడ అది సరిపోయింది. ఒడ్డున ఉన్న మా బావకి సరిపోదు.

ఫోను తనే మోగితే?

2023లో ఒక రోజు అందరి ఫోన్లూ ఒక్కసారిగా కూత పెట్టి, వణికి, తెర మీద పెద్ద మెసేజ్ చూపించాయి, గుర్తుందా? మా షాపులో ఉన్న నలుగురం ఉలిక్కిపడ్డాం. బాంబేమో అన్నాడు ఒకాయన. అది సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్ష. మామూలు ఎస్సెమ్మెస్ నంబరు నంబరుకీ పోతుంది. ఇది టవర్ పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి పోతుంది. నంబరు ఎక్కడా రిజిస్టరు చేయక్కర్లేదు.

మిగతా వాటి పక్కన పెట్టి చూస్తే దీనికి ఒక పెద్ద గుణం ఉంది. కూత చెవికి, వణుకు చేతికి, అక్షరం కంటికి, మూడూ ఒకే దెబ్బకి. అక్కకి జాకెట్టు జేబులో ఉన్న ఫోను వణికితే చాలు. బావకి కూత వినపడితే చాలు, తర్వాత చదివించుకుంటాడు. రెండు రకాల మనుషుల్నీ ఒకే కబురు తాకడం ఇన్నేళ్ళలో నేను చూసింది ఇదొక్కటే.

లోపం ఏందంటే ఛార్జింగు. తుఫాను రాకముందే కరెంటు పోతుంది. పాత కీప్యాడ్ ఫోన్లలో ఈ హెచ్చరికలు రావడం అనుమానమే. పైగా కూత విని భయపడటం వేరు, ఏం చేయాలో తెలియడం వేరు. మేలుకొలుపుకి ఇంతకు మించింది లేదు. వివరానికి ఇది చాలదు.

మామూలు ఎస్సెమ్మెస్‌కి ఒక చిత్రమైన నియమం ఉంది. ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కి 160 అక్షరాలు పడితే తెలుగులో 70 పడతాయి. గుణింతం, వత్తు, ఖాళీ అన్నీ ఆ లెక్కలోవే. అది దాటితే రెండో మెసేజ్ కింద లెక్క కడతారు. చాలామంది దీన్ని తిట్టుకుంటారు. నాకు మాత్రం మంచిదే అనిపిస్తుంది, ఎందుకో భాష దగ్గర చెబుతాను.

వాట్సాప్ వాయిస్ మెసేజ్ బావకీ, చదువు రాని వాళ్ళకీ హాయి. అక్కకి సున్నా. దాంతో ఇంకో చిక్కుంది. పోయినేడు తుఫానుకి ఎవరో గొంతు చించుకుని చెప్పిన వాయిస్ ఈ ఏడు వానకి మళ్ళీ బయల్దేరుతుంది. మెసేజ్ అయితే తేదీ చూసి పట్టుకోవచ్చు. వాయిస్‌లో తేదీ ఎవరూ చెప్పరు. చెప్పేవాళ్ళు మొదటి మాటగా తేదీ, ఊరి పేరు చెబితే సగం గందరగోళం తప్పుతుంది.

రాసింది చదవగలరు కదా అనుకోవద్దు

నేను చాలా రోజులు ఒక తప్పు చేశాను. వినపడని వాళ్ళకి రాసి ఇస్తే చాలనుకున్నాను. అక్కకి ఒక నోటీసు చూపించాను, మనం రోజూ చూసే రకమే: “బంగాళాఖాతంలో ఏర్పడిన తీవ్ర వాయుగుండం తుఫానుగా బలపడే అవకాశం ఉన్నందున లోతట్టు ప్రాంత ప్రజలు అప్రమత్తంగా ఉండవలసిందిగాను, మత్స్యకారులు వేటకు వెళ్ళరాదనియు ఇందుమూలముగా తెలియజేయడమైనది.” ఆమె ‘తుఫాను’ మీద వేలు పెట్టింది, ‘వేట’ మీద పెట్టింది. తర్వాత చేతులు చాపి, ‘అయితే?’ అన్నట్టు చూసింది.

పుట్టుకతో వినపడని వాళ్ళకి తెలుగు చెవిన పడి వచ్చిన భాష కాదు. వాళ్ళ మొదటి భాష చేతులది. రాత తెలుగు మనకి ఇంగ్లీషు లాంటిది, కష్టపడి నేర్చుకున్నది. అందుకే టీవీలో సైన్ లాంగ్వేజ్ కావాలంటారు. కింద స్క్రోలింగు ఉంది కదా అంటే చాలదు. దూరదర్శన్ వినికిడి లోపం ఉన్నవాళ్ళ కోసం 1987లోనే వార్తలు మొదలుపెట్టింది. 2019లో టీవీ కార్యక్రమాలకి ప్రమాణాలు కూడా వచ్చాయి. భారతీయ సైన్ లాంగ్వేజ్ నిఘంటువు 2021కి 10,000 పదాలకి చేరింది. ఇదంతా పెద్ద పనే. కానీ తుఫాను రోజు టీవీ పెడితే, సైగలు చేసే మనిషి ఉన్నా మూలన అగ్గిపెట్టెంత. వేళ్ళ మీదుగా బ్రేకింగ్ న్యూస్ పట్టీ పోతుంటుంది. చేతులు కనపడని సైగ అంటే మైకు ముందు మూసుకున్న నోరు.

మరి సైన్ లాంగ్వేజ్ వీడియోనే అన్నిటికంటే మేలా? బడికి పోయి ఆ భాష నేర్చినవాళ్ళకి అవును, దాన్ని మించింది లేదు. మా అక్క బడికి పోలేదు. ఆమె సైగలు ఆమె ఇంటివి. ‘నీళ్ళు’కి ఆమె చేసే సైగ కూతురికీ, ఇప్పుడిప్పుడే నాకూ తెలుసు. అలాంటి వాళ్ళకి వీడియోలో సైగలతో పాటు బొమ్మలూ కావాలి: గడియారం, స్కూలు భవనం, నడిచే మనుషులు.

ఆ తర్వాత అదే నోటీసుని ఇట్టా తిరగరాసి ఇచ్చాను: “రేపు రాత్రి తుఫాను. సాయంత్రం 4 లోపు హైస్కూలుకి రండి. మందులు, ఆధార్ కార్డు, ఛార్జరు తెచ్చుకోండి. నడవలేని వాళ్ళు ఫోన్ చేయండి, మెసేజ్ పెట్టినా సరే. ఆటో వస్తుంది.” అక్క చదివింది. ‘4’ మీద వేలు పెట్టి, తలూపింది. ‘ఛార్జరు’ దగ్గర నవ్వింది.

ఇది ఆమె ఒక్కదాని కోసం కాదు. బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్న కుర్రాడికి, వయసు మీద పడ్డ తాతకి, కంగారులో ఉన్న నాకు కూడా ఇదే అర్థమవుతుంది. ‘ఇందుమూలముగా’ అన్న మాట తీసేస్తే నష్టపోయేది ఎవరో నాకు ఇప్పటికీ తెలియలేదు. అందుకే అన్నాను, 70 అక్షరాల గీత మంచిదేనని. అందులో ‘తెలియజేయడమైనది’ పట్టదు.

బ్రెయిలీ గురించి అడుగుతారు కొందరు. తుఫాను కబురుకి అది కుదరదు, అచ్చు వేసేలోపు గాలి వచ్చేస్తుంది. పైగా పెద్ద వయసులో చూపు పోయిన వాళ్ళలో బ్రెయిలీ వచ్చినవాళ్ళు తక్కువ. కానీ కదలకుండా ఉండే వాటికి అదే మేలు: ఆస్పత్రి గది తలుపు, లిఫ్టు బటను, ఈవీఎం. ఓటు మిషను మీద అంకెలు బ్రెయిలీలో ఉంటాయి. 2024 మే 13న బావ వేలితో తడుముకుని తన ఓటు తనే వేసుకున్నాడు. ఎవరికి వేశావు అంటే, “అది చెప్పకుండా ఉండేదానికే కదరా ఆ చుక్కలు” అన్నాడు.

మనిషి పోయి చెప్పడం

కనిగిరి వైపు మా ఆవిడ పెదనాన్న ఉన్నాడు. ఆ నీళ్ళలో ఫ్లోరైడు సంగతి అందరికీ తెలిసిందే. ఎముకలు వంగిపోయి మంచానికే పరిమితమయ్యాడు. కన్ను బాగుంది, చెవి బాగుంది, చదువుకున్నాడు. ఆయనకి అన్ని కబుర్లూ అందుతాయి. 2025లో పెన్షన్ కోసం సదరం సర్టిఫికెట్లు, అంటే వైకల్యం ఎంతో చెప్పే కాగితాలు, మళ్ళీ పరీక్షిస్తామన్నప్పుడు ఆయనకీ కాగితం వచ్చింది. తేదీ ఉంది, చోటు ఉంది. చక్రాల కుర్చీ ఉంటుందా, గది కిందనా పైనా, రాలేకపోతే ఏం చేయాలి, ఆ ముక్క లేదు. “కబురు వచ్చింది నాయనా, కాళ్ళే రాలేదు” అన్నాడు. చివరికి మంచంతో పాటు ట్రాక్టరు ఎక్కించారు.

ఇక్కడ మైకు గొప్పా, మెసేజ్ గొప్పా అన్న పోటీకి అర్థం లేదు. ఆయనకి కావలసింది ఎదురు ప్రశ్న వేస్తే జవాబు చెప్పే దారి. అది మనిషి దగ్గరే దొరుకుతుంది. డప్పు కొట్టే ఆయన ఆగి చెప్పడంలో ఉన్నది అదే.

2016 వికలాంగుల హక్కుల చట్టం ఈ విషయంలో నేను అనుకున్నదానికంటే ముందుంది. కమ్యూనికేషన్ అంటే ఏమేమిటో చెప్పే చోట బ్రెయిలీ, పెద్ద అక్షరాలు, సైన్ లాంగ్వేజ్, తేలిక భాషతో పాటు చదివి వినిపించే మనిషిని కూడా లెక్కలో రాసింది. 8వ సెక్షనులో ఇంకా సూటిగా ఉంది: జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ జిల్లాలోని వికలాంగుల వివరాలు రాసి పెట్టుకోవాలి, ముప్పు వస్తే వాళ్ళకి తెలియజేసే ఏర్పాటు చేయాలి. (కాగితాల్లో ఇప్పుడు దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అని రాయిస్తున్నారు, నేనూ అట్టాగే కొడుతున్నాను. “ప్రతిభ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ ఫోటోలో ఏముందో చెప్పమను” అంటాడు బావ.)

పేర్లు తెలియవనడానికి లేదు. ప్రతి నెలా 1వ తేదీన ఊరి సచివాలయం వాళ్ళు ఇంటికొచ్చి పెన్షన్ ఇస్తున్నారు. వికలాంగులకి ఆరు వేలు, పూర్తిగా మంచం పట్టిన వాళ్ళకి పదిహేను వేలు. అంటే ఏ సందులో ఎవరు మంచం మీద ఉన్నారో, ఎవరికి వినపడదో, తలుపు కొడితే ఎవరు తీస్తారో తెలిసిన మనిషి ఊళ్ళోనే ఉన్నారు. డబ్బు మోసుకొచ్చే కాళ్ళు కబురు కూడా మోయగలవు. వయసు మీద చెవుడు వచ్చి సర్టిఫికెట్ తీసుకోని ముసలివాళ్ళు ఆ జాబితాలో ఉండరు, వాళ్ళని ఆశా కార్యకర్త చేత చేర్పించాలి.

మనిషి దారికీ లోపముంది. నెమ్మది. తుఫాను ఇవాళ రాత్రికి అన్నప్పుడు ఒక్కరు ముప్పై ఇళ్ళు తిరగలేరు. జాబితా వాన మొదలయ్యాక రాస్తే పనికిరాదు, సెప్టెంబరులోనే రాసి, పక్కింటి వాళ్ళ పేరు కూడా ఎదురుగా రాసుకోవాలి. అక్క పేరు ఎదురుగా నా పేరు రాయమన్నాను.

మరి ఏది?

ఒక్కటే పెట్టుకునే డబ్బుంటే ఏది అని నన్ను నిలేస్తే, తేలిక తెలుగులో టైపు చేసిన మెసేజ్ అంటాను. పోస్టరు కంటే చవక, మైకు కంటే నిలకడ, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. కానీ అది చెవికీ పడాలంటే మైకు తోడుండాలి, మంచం దాకా పోవాలంటే మనిషి తోడుండాలి. మూడొందలు తీసుకుని నేను చేసే పోస్టరు నా లెక్కలో ఆఖరున ఉంది. ఇది నా కడుపు మీద నేనే కొట్టుకోవడం అని తెలుసు.

ఇప్పుడు షాపులో ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరు తుఫాను పోస్టరు అడిగినా, దాంతో పాటు అదే మాటలు యూనికోడ్‌లో టైపు చేసి వాళ్ళ వాట్సాప్‌కి ఉచితంగా పంపుతాను, ‘ఫోటో కింద ఇది పెట్టన్నా’ అని. పదిమందిలో ఆరుగురు పెడతారు. మిగతావాళ్ళకి అక్షరాలు ఎక్కువైతే పోస్టరు అందం చెడుతుందట.

2025 అక్టోబరులో మొంథా తుఫాను వానలకి అట్టా పంపిన మెసేజ్ తిరిగి తిరిగి బావ గ్రూపుకి చేరింది. వెంటనే ఫోన్ చేశాడు, మెచ్చుకుంటాడనుకున్నాను.

“అంతా బానే చదివింది గానీ, ఆ ఫోన్ నంబరేందిరా? ‘తొమ్మిది వందల ఎనభై నాలుగు కోట్ల’ అని మొదలుపెట్టింది. అప్పు ఎవరిదో అనుకున్నా.”

పది అంకెలు అంటించి కొట్టేశాను. ఇప్పుడు మధ్యలో ఖాళీలు వదులుతున్నాను.